గీత వణికింది

బెర్గెన్‌లో వాన పడని రోజు
అచ్చుయంత్రం కూడా అనుమానంగా చూస్తుంది.
ఆ రోజు పడుతూనే ఉంది.
నలభై ఒకటో పుస్తకం మొదటి ఫారం
తడి సిరా వాసనతో బయటికొచ్చింది.

నాకు తూరె కథలు తెలియవు.
నిజం చెప్పొద్దూ, పూర్తిగా ఒక్కటీ చదవలేదు.
నాకు తెలిసింది తూరె రంగు.
నీటిపిల్లి ఒంటి గోధుమ రంగు:
పసుపు కొంచెం, ఎరుపు ఇంకొంచెం,
నలుపు సూదిమొన మీద నిలిచేంత.
నలుపు ఎక్కువైతే ఎలుగుబంటి,
తక్కువైతే బిస్కెట్టు.
ఇరవై ఎనిమిదేళ్ళుగా
ఏటా ఆకులు రాలే రోజుల్లో ఒక్క వారం
నా గోళ్ళ కింద తూరె ఉంటాడు.
ఎంత సబ్బుకీ పోడు.

మొదటి పుస్తకంలోనే
ఎడమచేతి తొడుగు పారేసుకున్నాడట.
ఎర్రది. ఊలుది.
నీటిపిల్లికి చేతొడుగెందుకని ఎవరూ అడగరు.
అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నాడు:
పడవల కింద, దీపస్తంభం మెట్లమీద,
ఎండబెట్టిన కాడ్ చేపల వరసల మధ్య,
ఒకసారి తిమింగలం నోట్లో కూడా.
దొరకదు.
దొరికితే మన అచ్చాఫీసు మూతేనని
ఎస్కిల్ నవ్వుతాడు. సంపాదకుడు కదా,
నవ్వులో సగం లెక్కలు.

తూరెతో వెతికిన పిల్లలు తల్లులయ్యారు,
వాళ్ళ పిల్లలూ వెతుకుతున్నారు.
తూరెకి మాత్రం ఆరేళ్ళే.
ఒక్క మీసం నెరవలేదు.
నెరిస్తే అక్కడ కాగితాన్ని
ఖాళీగా వదలాలి, నాకు తెలిసేది.

ఆ ఫారం వెలుతురుకి పట్టి చూస్తే
గీత రెండుగా కనపడింది.
ప్లేటు జరిగిందనుకున్నాను.
యంత్రం ఆపాను. బిగించాను. మళ్ళీ తీశాను.
భూతద్దం పెట్టాను.
ప్లేటు జరగలేదు.
గీతే వణికింది.
మీసం కొసన, తోక వంపున,
సముద్రపు అంచున కూడా.

బోర్గ్‌హిల్డ్ గారి చెయ్యి. ఎనభై మూడేళ్ళది.
అసలు బొమ్మలు తనే పట్టుకొస్తుంది
ద్వీపం నుంచి పొద్దుటి ఫెర్రీలో,
చేపలు చుట్టే మైనం కాగితంలో చుట్టి.
ఈసారి కాఫీ కప్పు
రెండు చేతులతో పట్టుకుంది.
నేను చూశాను. చూడనట్టు
రంగు డబ్బా మూత బిగించాను.

"కంప్యూటర్లో సరిచేద్దాం," అన్నాడు ఎస్కిల్,
"పాత గీతలన్నీ మన దగ్గరున్నాయి,
ఎవరికీ తెలీదు."
ఆవిడ కిటికీలోంచి వాన చూస్తూ
"వాడికి తెలుస్తుంది," అంది.
ఎవడికని మేమిద్దరం అడగలేదు.

అలాగే అచ్చు వేశాం. పన్నెండు వేలు.

పెద్దవాళ్ళెవరూ ఏమీ గమనించలేదు.
జనవరిలో ఉత్తరాలు మొదలయ్యాయి,
కోడి కెలికినట్టున్న దస్తూరీలతో.
తూరెకి జ్వరమా?
తూరె దేనికి భయపడ్డాడు?
వార్డో నుంచి తీరిల్, ఏడేళ్ళు:
"ఇక్కడ రెండు నెలలు సూర్యుడు రాడు,
చలి గురించి నాకు తెలుసు.
తూరెకి చలేస్తోంది.
వాడిది దొరికేదాకా ఇది వేసుకోమను.
కుడిది నేనుంచుకున్నాను."

కవర్లో ఎడమచేతిది. ఎర్రది కాదు.
ఆకుపచ్చది, బొటనవేలి దగ్గర రఫ్ఫు చేసింది.

ఇప్పుడేమవుతుందో నేను ఊహించాను:
నలభై రెండో పుస్తకంలో తూరె
ఆ పచ్చ తొడుగు వేసుకుంటాడు,
అందరూ కళ్ళు తుడుచుకుంటారు.
ఎస్కిల్ కూడా అదే అన్నాడు, అందుకే
నాకు నచ్చడం మానేసింది.

ఆవిడ తొడుగుని తిప్పి చూసింది,
రఫ్ఫు మీద వేలితో తడిమింది,
"ఎవరో తొందరలో కుట్టారు," అంది.
సంచీలో వేసుకుని ఫెర్రీకి వెళ్ళిపోయింది.

మొన్న కొత్త బొమ్మలొచ్చాయి.
తూరె ఇంకా ఒట్టి చేత్తోనే,
గీత మునుపటికంటే ఎక్కువ వణుకుతూ.
ఆఖరి పేజీలో బల్లమీద కూచుని
పక్కన ఎవరికో చోటు వదిలాడు.
అక్కడ ఏమీ గియ్యలేదు.

మర్చిపోయిందా అని ఎస్కిల్ అడిగాడు.
నేను నలుపు కలుపుతున్నాను,
సూదిమొన మీద నిలిచేంత.
అక్కడ మాత్రం ఒక్క చుక్క పడకుండా
కాగితాన్ని వదిలెయ్యాలి.